జారే భుజం... జారని పట్టు

సుమో అంటేనే బరువు. ఆ బరువు లేని మనిషి, అదీ మాటిమాటికీ కీలు తప్పే భుజంతో, 31 సార్లు విజేత ఎలా అయ్యాడు? జపాన్ మల్లయోధుడు చియోనోఫుజి కథ ఇది.

విమానం ఎక్కిస్తానన్నాడు వచ్చిన పెద్దమనిషి. కుర్రాడు మెత్తబడ్డాడు.

జపాన్ ఉత్తర కొసన హొక్కైడో దీవి. దాని దక్షిణపు అంచున సముద్రాన్ని ఆనుకుని ఫుకుషిమా అనే చిన్న ఊరుంది. 2011లో అణు ప్రమాదంతో పేరు వినిపించిన ఫుకుషిమా ఇది కాదు, అది వేరు. ఇది చేపల వేట మీద బతికే ఊరు. అకిమోతో మిత్సుగు అక్కడ 1955 జూన్ 1న ఓ జాలరి ఇంట పుట్టాడు. బడిలో ఎత్తు దూకడంలో, ట్రిపుల్ జంప్‌లో ముందుండేవాడు. సుమో మీద పెద్దగా మోజు లేదు. చిన్నప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ చేసిన వైద్యులు ఆ పొట్ట కండరాలు చూసి ఆశ్చర్యపోయారని, ఆ మాట సుమో వాళ్ల చెవిన పడిందని చెబుతారు.

వచ్చిన పెద్దమనిషి కూడా మామూలు వాడు కాడు. అదే ఊళ్లో పుట్టి 41వ యోకొజునా అయిన చియోనోయామా. యోకొజునా అంటే సుమోలో అందరికన్నా పై మెట్టు. ఆట మానేశాక టోక్యోలో కొకొనోయె పేరుతో శిక్షణాలయం నడుపుతున్నాడు. సొంత ఊరి పిల్లాడిని వెంట తీసుకెళ్లాలని వచ్చాడు. ఇంట్లో వాళ్లు ఒప్పుకోలేదు. కుర్రాడికీ ఇష్టం లేదు. అప్పుడే విమానం మాట వచ్చింది. టోక్యో దాకా విమానంలో వెళ్లొచ్చు, నచ్చకపోతే తిరిగి రావచ్చన్నట్టు సాగిన ఆ బేరం జపాన్‌లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. 1970 సెప్టెంబరులో, 15 ఏళ్ల వయసులో, మిత్సుగు బరిలోకి దిగాడు.

బరువుకు హద్దు లేని ఆట

బళ్లారి, కొల్హాపూర్ వైపు గోదాల్లో కుస్తీ చూసినవాళ్లకు సుమో ఒక పట్టాన అర్థం కాదు. మన కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓటమి. సుమోలో అరికాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా, చివరికి చెయ్యి ఆనినా, ఓడినట్టే. 4.55 మీటర్ల వలయం దాటి కాలు బయట పడినా అంతే. చాలా పోటీలు నిమిషం కూడా సాగవు, కొన్ని రెండు మూడు క్షణాల్లోనే అయిపోతాయి. ఉప్పు చల్లడం, కాళ్లెత్తి నేల తొక్కడం, ఒకరినొకరు గుడ్లురిమి చూసుకోవడం... ఆటకు ముందు తతంగమే ఎక్కువసేపు పడుతుంది.

అసలు తేడా ఇంకొకటి. ప్రొఫెషనల్ సుమోలో బరువు విభాగాలు లేవు. 100 కిలోల వాడికి 200 కిలోల వాడు ఎదురు పడొచ్చు. వద్దనడానికి లేదు. అందుకే కుర్రాళ్లు శిక్షణాలయంలో చేరగానే తిండి మీద పడతారు. మాంసం, చేప, కూరగాయలు కలిపి పెద్ద కుండలో ఉడికించే చంకో అనే వంటకాన్ని పొట్ట పగిలేలా తిని, వెంటనే పడుకుంటారు. మన తాలింఖానాకు వేళకు వెళ్లి సాధన చేసి ఇంటికొస్తాం. అక్కడ అలా కాదు. తిండి, పడక, చాకిరీ, శిక్షణ అన్నీ వస్తాదు గారి కప్పు కిందే. చిన్నవాళ్లు తెల్లారకముందే లేచి బరి సిద్ధం చేయాలి, వంట చేయాలి, పెద్దవాళ్లు తిన్నాకే తినాలి.

జీతం సంగతీ చెప్పుకోవాలి. సుమోలో ఆరు అంచెలున్నాయి. పై రెండు అంచెలు మకుఉచి, జుర్యో. ఆ రెండింట్లో ఉన్నవాళ్లకే నెల జీతం. కింది నాలుగు అంచెల వాళ్లకు తిండి, నీడ, కొద్దిపాటి భత్యం. ఏడాదికి ఆరు టోర్నీలు, ఒక్కోటి 15 రోజులు. ప్రతి టోర్నీ తర్వాత గెలుపోటములు లెక్కచూసి కొత్త జాబితా వేస్తారు. గెలిస్తే పైకి, ఓడితే కిందకి. గాయమై ఆడకపోయినా కిందకే. ఈ చివరి నియమమే మిత్సుగు మెడకు చుట్టుకుంది.

కీలు తప్పిన ప్రతిసారీ...

గురువు చియోనోయామా పేరులో ముందు భాగం, సీనియర్ యోకొజునా కితానోఫుజి పేరులో వెనుక భాగం కలిపి అతనికి చియోనోఫుజి అని పేరు పెట్టారు. ఇద్దరు మహామల్లుల పేర్లు మోయడానికి ఆ ఒళ్లు చాలదనిపించేది. ఎంత తిన్నా లావెక్కడు. చూపు మాత్రం పదును. తోడేలు చూపంటూ 'ఊల్ఫ్' అని పిలవసాగారు. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

1974 నవంబరులో జుర్యోలోకి, 1975 సెప్టెంబరులో మకుఉచిలోకి వచ్చాడు. అప్పటికి వయసు 20. ఇంకేముంది, దారి పడిందనుకున్నారు. భుజం పడనివ్వలేదు. చియోనోఫుజి భుజం కీలు పుట్టుకతోనే లోతు తక్కువ. బంతి సరిగ్గా గిన్నెలో కూర్చోదన్నమాట. కాస్త గట్టిగా లాగితే ఊడివచ్చేది. మొదట్లో అతని ఆట కూడా దానికి తగ్గట్టే ఉండేది. కాదు, తగనట్టే ఉండేది అనాలి. తనకన్నా ఎంతో బరువున్నవాళ్లను భుజబలంతో గిరగిరా తిప్పి విసిరేయాలని చూసేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. భుజం ఊడేది. 1976లో జుర్యో కూడా నిలుపుకోలేక మూడో అంచెకు జారాడు. అంటే జీతం పోయింది. సేవకు ఉండే కుర్రాళ్లు పోయారు. పట్టు వస్త్రం పోయి మళ్లీ నూలు గోచీ వచ్చింది.

1977లో గురువు చియోనోయామా చనిపోయాడు. శిక్షణాలయం పగ్గాలు కితానోఫుజి చేతికొచ్చాయి. 1978 జనవరిలో చియోనోఫుజి మళ్లీ మకుఉచికి ఎక్కాడు. 1979 మార్చిలో భుజం మళ్లీ ఊడింది, ఈసారి గట్టిగానే. మళ్లీ జుర్యో.

వైద్యుడు చెప్పింది వినడానికి తేలిక. కీలును పట్టి ఉంచాల్సిన ఎముక లేదు కాబట్టి ఆ పని కండతో చేయించాలి. భుజం చుట్టూ కండను కవచంలా పెంచాలి. ఆ రోజుల్లో సుమోలో బరువులెత్తే వ్యాయామం మీద సదభిప్రాయం లేదు. కండ గట్టిపడితే ఒళ్లు వంగదని, సుమో బలం బరిలో కాళ్లు తొక్కితేనే వస్తుందని పాత వస్తాదుల నమ్మకం. చియోనోఫుజికి ఆ చర్చతో పని లేదు. కండ పెరగకపోతే జీవనం లేదు. రోజుకు 500 దండీలు తీసేవాడు. దానికి తోడు బరువులు. చాప మీద దండీలు తీసి తీసి నేల పాడైందని అతని గురించి చెప్పుకునే మాటల్లో ఒకటి.

ఇంకో మాట కూడా సాయపడింది. అప్పట్లో ఓజెకి హోదాలో, అంటే యోకొజునాకు ఒక మెట్టు కింద, తకానోహానా అనే మల్లుడు ఉండేవాడు. అతనూ తేలికపాటి మనిషే. జనానికి మహా ఇష్టం. ఆయన చియోనోఫుజిని పిలిచి సిగరెట్లు మానేయమన్నాడంటారు. మానేశాడు. ఒళ్లు కొద్దికొద్దిగా బరువెక్కింది. ఈ తకానోహానా పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. పదేళ్ల తర్వాత ఈ కథలోకి మళ్లీ వస్తుంది.

కండతోపాటు ఆట మార్చాడు. అదే పెద్ద సంగతి. భుజాలు చాచి దూరం నుంచి లాగే విసుర్లు తగ్గించాడు. లేచీ లేవగానే బాణంలా దూసుకెళ్లి, తల ఎదుటివాడి ఛాతీకి ఆనించి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, నడుం పట్టీ ముందు భాగాన్ని దొరకబుచ్చుకోవడం. ఆ పట్టు దొరికితే వదలడు. మోచెయ్యి పక్కకు చాపితే భుజం ఊడుతుంది కాబట్టి చాపకుండా గెలిచే దారి వెతికాడు. ఆ దారే సుమోలో అందరికన్నా వేగమైన దారి అయింది. భుజం బాగుండి ఉంటే ఈ ఆట అతనికి పట్టుబడేదా అన్నది అనుమానమే.

జపాన్ సగం టీవీల ముందే

1981 జనవరి. టోక్యో టోర్నీలో చియోనోఫుజి వరసగా 14 రోజులు గెలిచాడు. చివరి రోజు ఎదురుగా యోకొజునా కితానోఉమి. కొండలాంటి మనిషి. గెలుస్తూ పోవడమే తప్ప మొహంలో నవ్వు కనిపించని మనిషి. ఆ పోటీలో చియోనోఫుజి ఓడాడు. ఇద్దరివీ 14 గెలుపులయ్యాయి. వెంటనే విజేతను తేల్చే పోటీ పెట్టారు. ఈసారి చియోనోఫుజి పట్టీ మీద చెయ్యి వేసి, పక్కకు జరుగుతూ లాగి పడేశాడు. ఆ రోజు ప్రసారం చూసిన వాళ్లు 52.2 శాతమని లెక్క తేలింది. సుమో ప్రసారాల్లో అది రికార్డు. గోడల మీద కండలు తేలిన ఆ కుర్రాడి బొమ్మలు వెలిశాయి. అంతవరకు సుమో మొహం చూడని ఆడపిల్లలూ అభిమానులయ్యారు.

సిగరెట్లు మానమన్న తకానోహానా అదే టోర్నీ మధ్యలో ఆటకు సెలవు చెప్పాడు.

ఓజెకి హోదా వెంటనే వచ్చింది. జులైలో రెండోసారి గెలవగానే 58వ యోకొజునా అయ్యాడు. కొత్త హోదాలో తొలి టోర్నీ సెప్టెంబరులో. గాయంతో మధ్యలోనే తప్పుకున్నాడు. యోకొజునాకు ఒక చిత్రమైన కష్టముంది. మిగతా వాళ్లు ఓడితే కిందకి దించుతారు. యోకొజునాను దించరు. ఆడలేకపోతే పూర్తిగా మానేయాలి. మధ్యే మార్గం లేదు. జుర్యోకు జారి మళ్లీ ఎక్కొచ్చన్న పాత ధైర్యం ఇక చియోనోఫుజికి లేదు. నవంబరులో ఫుకువోకాలో తిరిగొచ్చి గెలిచాడు. ఒకే ఏడాది మూడు వేర్వేరు హోదాల్లో మూడు టైటిళ్లు. ఆ తర్వాత ఫుకువోకా నవంబరు టోర్నీ 1988 దాకా ఏటా అతనిదే, వరసగా ఎనిమిది.

1984 సెప్టెంబరులో హవాయి నుంచి వచ్చిన కొనిషికి అనే భారీకాయుడి చేతిలో చిత్తయ్యాడు. కొనిషికి అప్పటికే 200 కిలోలు దాటిన మనిషి. యోకొజునా హోదాలో ఉన్నవాడు ఏం చేయాలి? తన చోట కూర్చోవాలి. చియోనోఫుజి మాత్రం కొనిషికి ఉండే శిక్షణాలయానికి తానే వెళ్లి, అతనితోనే సాధన చేశాడు. ఆ బరువు ఎటు వాలుతుందో, ఎక్కడ నెడితే కదులుతుందో ఒంటితోనే తెలుసుకున్నాడు.

1985 జనవరిలో టోక్యో ర్యోగోకులో కొత్త కొకుగికాన్ స్టేడియం తెరిచారు. తొలి టోర్నీ 15కి 15 గెలిచి చియోనోఫుజి ఎగరేసుకుపోయాడు. అప్పటికి 29 ఏళ్లు. సుమోలో 30 దాటితే సాయంకాలం కిందే లెక్క. అతని టైటిళ్లలో ఎక్కువ భాగం 30 దాటాక వచ్చినవే. 1988 మే నుంచి నవంబరు దాకా వరసగా 53 పోటీలు గెలిచాడు. యుద్ధం తర్వాత కాలంలో అప్పటికి అదే రికార్డు. నవంబరు టోర్నీ ఆఖరి రోజున యోకొజునా ఒనోకుని ఆ వరసను తెంచాడు. చక్రవర్తి హిరోహితో అప్పటికే మంచాన ఉన్నాడు. 1989 జనవరి 7న కన్నుమూశాడు. చియోనోఫుజి ఓడిన ఆ పోటీ షోవా శకంలో జరిగిన చివరి సుమో పోటీగా మిగిలిపోయింది.

ఆ ఏడాది

1989 ఫిబ్రవరిలో చియోనోఫుజి ఇంట మూడో ఆడపిల్ల పుట్టింది. మార్చి టోర్నీలో 14వ రోజు ఒనోకునిని ఓడించి టైటిల్ ఖాయం చేసుకున్నాడు. ఆ గెలుపులోనే భుజం ఊడింది. చివరి రోజు బరిలోకి రాలేకపోయాడు. మే టోర్నీకి అసలు వెళ్లలేదు. ఇంట్లో ఉండి భుజం బాగు చేసుకుంటున్నాడు. జూన్‌లో పసిబిడ్డ నిద్రలోనే పోయింది. పసిపిల్లల్లో కారణం తెలియకుండా వచ్చే హఠాన్మరణం.

నగోయాలో జులై టోర్నీ దగ్గర పడింది. 34 ఏళ్ల వయసు, అతుకు పడీపడని భుజం, ఇంట్లో ఆరని కన్నీరు. తప్పుకుంటే తప్పుపట్టేవారు లేరు. అతను వెళ్లాడు. మెడలో బౌద్ధుల జపమాల వేసుకుని స్టేడియానికి వచ్చేవాడు. ఆ దృశ్యం జపాన్ పత్రికలన్నింట్లో వచ్చింది. ఆట మునుపటిలా లేదు. మూడు పోటీలు ఓడాడు. అయినా 12 గెలుపులతో చివరి రోజుకు అగ్రస్థానంలో మరొకరితో సమానంగా నిలిచాడు. ఆ మరొకరు ఎవరనుకున్నారు? హొకుతోఉమి. ఒకే శిక్షణాలయం, ఒకే గురువు. చియోనోఫుజి రోజూ పొద్దున్నే బరిలో తోసి తోసి తయారుచేసిన తమ్ముడి లాంటివాడు. అతనూ అప్పటికే యోకొజునా. ఒకే చోట ఉండేవాళ్లకు మామూలుగా పోటీ పెట్టరు. విజేతను తేల్చాల్సినప్పుడు మాత్రం తప్పదు. చియోనోఫుజి గెలిచాడు.

సెప్టెంబరులో మొత్తం గెలుపుల్లో పాత రికార్డు 964ను దాటేశాడు. జపాన్ ప్రభుత్వం జాతీయ గౌరవ పురస్కారం ఇచ్చింది. సుమో నుంచి ఆ గౌరవం దక్కిన తొలి మనిషి అతనే. 1990 మార్చిలో వెయ్యో గెలుపు. అదే ఏడాది నవంబరులో 31వ టైటిల్. ఇంకొక్కటి వస్తే తైహో పేరిట ఉన్న 32కి సమానం.

ఆ ఒక్కటి రాలేదు. 1991 జనవరిలో గాయం. మార్చిలో దూరం. మే 12న టోక్యోలో తొలి రోజు ఎదురుగా 18 ఏళ్ల తకాహనాదా నిలబడ్డాడు. పదేళ్ల కిందట సిగరెట్లు మానమని చెప్పిన ఆ తకానోహానా కొడుకే ఇతను. కుర్రాడు కింద నుంచి అతుక్కుపోయి, వెనక్కి తగ్గకుండా, యోకొజునాను వలయం బయటకు నెట్టేశాడు. జనం పీటల మీది మెత్తలు గాల్లోకి విసిరారు. రెండో రోజు చియోనోఫుజి గెలిచాడు. 1,045వ గెలుపు, అదే ఆఖరిది. మూడో రోజు అదే తకానోహానా శిక్షణాలయం కుర్రాడు తకతోరికి చేతిలో ఓడాడు. ఆ సాయంత్రమే విలేకరుల ముందు కూర్చున్నాడు. ఒంట్లో శక్తి హద్దుకు వచ్చేసిందన్న మాట దగ్గర గొంతు పూడుకుపోయింది. తల వంచుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనసులో పట్టుదల కూడా పోయిందని, మానేస్తున్నానని చెప్పాడు. వయసు 35.

వస్తాదు గారు

గొప్ప యోకొజునాలకు సుమో సంఘం ఒక వరమిస్తుంది. ఆట మానేశాక కూడా బరిలోని పేరుతోనే శిక్షకుడిగా కొనసాగొచ్చు. చియోనోఫుజికీ ఇస్తామన్నారు. వద్దన్నాడు. ఆ పేరు అతనితోనే ఆగిపోతుంది, ఎవరికీ అందదు. అతనికి గురువు నడిపిన కొకొనోయె పేరే కావాలి. 1992లో కితానోఫుజి ఆ పగ్గాలు అప్పగించాడు.

అదే ఏడాది ఓ కుర్రాడు శిక్షణాలయం గుమ్మం తొక్కాడు. వీధి గొడవల్లో పేరుమోసినవాడు, రంగు వేసిన జుట్టు. వస్తాదు గారు ఒక్కటే మాట అన్నారట, ముందు గుండు చేయించుకుని రా అని. చేయించుకుని వచ్చాడు. అతనే చియోతైకాయ్, 1999లో ఓజెకి అయ్యాడు. శిష్యుల విషయంలో చియోనోఫుజి కఠినంగా ఉండేవాడు. సంఘం వ్యవహారాల్లో మాత్రం బరిలో ఉన్నంత పట్టు దొరకలేదు. పాలకవర్గంలో కీలక స్థానాలు చేపట్టినా, 2014 ఎన్నికల్లో ఓడి బయటికొచ్చాడు. తమ్ముడి లాంటి హొకుతోఉమి, ఇప్పుడు హక్కాకు అనే పేరుతో, ఆ తర్వాత సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బరిలో గెలిచినవాడే కుర్చీలోనూ గెలవాలని లేదు మరి.

60 ఏళ్లు నిండిన యోకొజునాలు ఎర్ర తాడు నడుముకు కట్టుకుని బరిలోకి ఒకసారి ప్రవేశించడం ఆనవాయితీ. మన షష్టిపూర్తి లాంటిది. బతికి ఉండాలి, కాళ్లెత్తి తొక్కే సత్తువ ఉండాలి. అందుకే ఆ భాగ్యం కొద్దిమందికే. 2015 మే 31న చియోనోఫుజి ఎర్ర తాడు కట్టుకుని కొకుగికాన్ బరిలోకి వచ్చాడు. అటూ ఇటూ తోడుగా హకుహో, హరుమాఫుజి, ఇద్దరూ అప్పటి యోకొజునాలు. ఆ ఏడాదే క్లోమ గ్రంథి క్యాన్సర్ బయటపడింది. 2016 జులై 31న 61 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొకొనోయె శిక్షణాలయం గుండు చేయించుకొచ్చిన ఆనాటి కుర్రాడి చేతికి వెళ్లింది.

రికార్డులు ఒక్కొక్కటిగా చేతులు మారాయి. 53 వరస గెలుపులను 2010లో హకుహో 63తో దాటాడు. 1,045 గెలుపులను 2011 జులైలో కైఓ దాటాడు. 31 టైటిళ్లను 2014లో హకుహో దాటి, చివరికి 45 దగ్గర ఆగాడు. హకుహో బరువు 150 కిలోల పైన. చియోనోఫుజి నిండు ఫామ్‌లో ఉన్నప్పుడు కూడా 120 నుంచి 127 కిలోలు. భుజం ఎన్నిసార్లు ఊడిందో లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు.

హొక్కైడోలోని ఆ చేపల ఊళ్లో ఇప్పుడో స్మారక మందిరముంది. ఒకే ఊరి ఇద్దరు యోకొజునాలదీ, విమానం ఆశ చూపిన పెద్దమనిషిదీ, ఎక్కి వెళ్లిన కుర్రాడిదీ. లోపల సాధన బరి కూడా కట్టారు. కొకొనోయె కుర్రాళ్లు వేసవిలో అక్కడికి వెళ్లి ఆ బరిలోనే కాళ్లెత్తి తొక్కేవారు.